పేరు మీద రెండు చుక్కలు

జర్మన్ భాషకి రెండు అక్షరక్రమాలున్నాయి. రెండూ డిన్ 5007 అనే ఒకే ప్రమాణంలో ఉన్నాయి. నిఘంటువులకి వాడే పద్ధతిలో, నెత్తిన రెండు చుక్కలున్న 'యు'ని మామూలు 'యు' లాగే చూస్తారు. పేర్ల జాబితాలకి, అంటే టెలిఫోన్ డైరెక్టరీల లాంటివాటికి వాడే పద్ధతిలో అదే అక్షరాన్ని 'యు', 'ఇ' అని రెండక్షరాల కింద లెక్కేస్తారు. ఒకే భాష, ఒకే అక్షరం. మరి రెండు వరసలెందుకు?

నిఘంటువు తెరిచేవాడి కళ్ళముందు సాధారణంగా అచ్చులో చూసిన మాట ఉంటుంది. టెలిఫోన్ డైరెక్టరీ తెరిచేవాడి దగ్గర చాలాసార్లు చెవిన పడ్డ పేరు మాత్రమే ఉంటుంది. ముల్లర్ అనే ఇంటిపేరుని కొందరు చుక్కలతో రాసుకుంటారు, కొందరు చుక్కలు తీసేసి పక్కన 'ఇ' చేర్చి రాసుకుంటారు. పలికితే తేడా తెలీదు. ఫలానా ముల్లర్ గారి నంబరు కావాలంటే ఏ ముల్లరో వెతికేవాడికెలా తెలుస్తుంది? అందుకని డైరెక్టరీ ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెడుతుంది. అయితే ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నట్టే అచ్చేస్తుంది. చుక్కలున్నవాళ్ళకి చుక్కలు, 'ఇ' ఉన్నవాళ్ళకి 'ఇ'.

ఈ చిన్న ఏర్పాటులో రెండు పనులున్నాయి. పేరుని ఎలా ఉందో అలా ఉంచడం ఒకటి, ఆ పేరు దొరికేలా చెయ్యడం రెండోది. అచ్చు పుస్తకాల కాలంలో ఈ రెంటినీ ఎవరూ కలిపేయలేదు. కంప్యూటర్ వచ్చాక కలిసిపోయాయి. మళ్ళీ విడదీయడానికి యాభై ఏళ్ళు పైనే పట్టింది, ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఈ వ్యాసం ఆ చరిత్ర గురించి.

వరస వేరు, పేరు వేరు

అక్షరాల నెత్తినా కిందా పెట్టే చుక్కల్ని, గీతల్ని, కొక్కేల్ని అన్నిటినీ కలిపి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు అక్సెంట్లు అనేస్తారు. ఆ మాటలోనే ఒక చిన్నచూపు ఉంది: అసలు అక్షరం ఒకటుంది, ఇది దాని మీద అలంకారం అని. స్వీడన్ వెళ్ళి ఈ మాట చెప్తే ఒప్పుకోరు. రెండు చుక్కల 'ఓ' వాళ్ళ అక్షరమాలలో ఆఖరి అక్షరం, 'జడ్' కూడా దాటాక వస్తుంది. వాళ్ళకి అది చుక్కలు పెట్టుకున్న 'ఓ' కానే కాదు. 'ధ' అనేది కింద గీత పెట్టుకున్న 'ద' అని మనతో ఎవరైనా అంటే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది వాళ్ళకి.

డెన్మార్క్‌లో 1948 నాటి లిపి సంస్కరణలో, రెండు 'ఎ'లు పక్కపక్కన రాసే చోట నెత్తిన చిన్న సున్నా ఉన్న ఒక్క 'ఎ' రాయాలని నిర్ణయించారు. పాత పేర్లలో చాలావాటికి జంట 'ఎ'లు అలాగే మిగిలిపోయాయి. ఆల్బోర్గ్ నగరం పేరు రెండు 'ఎ'లతో మొదలవుతుంది, డేనిష్ జాబితాలో మాత్రం చిట్టచివర ఉంటుంది. స్పానిష్‌లో 'సి-హెచ్' జంటని, 'ఎల్-ఎల్' జంటని విడి అక్షరాలుగా వరసపెట్టే ఆచారం చాలాకాలం ఉండేది. 1994లో స్పానిష్ భాషా అకాడమీలన్నీ కలిసి దాన్ని వదిలేశాయి. ఐస్‌లాండ్‌లో అయితే టెలిఫోన్ డైరెక్టరీ ఇంటిపేర్ల వరసలోనే ఉండదు. అక్కడ చాలామందికి మన అర్థంలో ఇంటిపేరే లేదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు', 'కూతురు' అని చేర్చుకుంటారు. కాబట్టి పెట్టిన పేరు వరసలో ఇచ్చి, ఒకే పేరువాళ్ళని విడదీయడానికి వృత్తి కూడా రాసేవాళ్ళు.

చెప్పొచ్చేదేంటంటే, 'ఈ రెండు పేర్లూ ఒకటేనా?' అనే ప్రశ్నకి ప్రపంచమంతటికీ పనికొచ్చే జవాబు ఏనాడూ లేదు. ఊరూరికీ, భాషభాషకీ, పుస్తకం పుస్తకానికీ జవాబు మారేది. డైరెక్టరీ తయారుచేసే గుమాస్తాకి ఆ జవాబు తెలుసు.

నూట ఇరవై ఎనిమిది గదులు

1963లో అమెరికాలో ఆస్కీ ప్రమాణం వచ్చింది. ఏడు బిట్లు, అంటే 128 గదులు. అందులో అచ్చులో కనబడేవాటికి 95 మించి దక్కలేదు. ఇంగ్లిష్ అక్షరాలు చిన్నవీ పెద్దవీ, అంకెలు, విరామచిహ్నాలు పెట్టేసరికి గదులు నిండిపోయాయి. అయినా అక్సెంట్లని ఆస్కీ అసలు పట్టించుకోలేదనడం అన్యాయం. 1967 సవరణలో ఒక ఉపాయం ఉంది: అక్షరం కొట్టు, ఒకడుగు వెనక్కి రా, దాని మీదే గుర్తు కొట్టు. కొటేషన్ మార్కు రెండు చుక్కల పని చేస్తుంది, కామా కింది కొక్కెం పని చేస్తుంది. కాగితం మీద అచ్చుకొట్టే టెర్మినళ్ళలో ఇది నడిచింది. తెరలు వచ్చాక నడవలేదు. తెర మీద వెనక్కొచ్చి ఇంకోటి కొడితే మొదటిది చెరిగిపోతుంది. కీబోర్డు మీద ఈరోజుకీ ఉన్న ఆ టోపీ గుర్తు, అల గుర్తు ఆ ఉపాయంలో మిగిలిన సామాన్లే.

యూరప్ దేశాలు ఇంకో దారి పట్టాయి. ఐఎస్‌ఓ 646 అనే ప్రమాణం కొన్ని గదుల్ని ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. స్వీడన్ వాళ్ళు చదరపు బ్రాకెట్లు, మీసాల బ్రాకెట్లు, నిలువు గీత ఉండే గదుల్లో తమ మూడు అక్షరాల్ని పెట్టుకున్నారు. దేశంలో ఉన్నంతసేపూ బాగానే ఉంది. అక్కడి బ్యోర్న్ పేరు ఒక అమెరికన్ తెర మీదకి వెళ్తే మధ్యలో నిలువు గీతతో కనబడేది. ఇటునుంచి వెళ్ళిన సి ప్రోగ్రాముల్లో మీసాల బ్రాకెట్లన్నీ స్వీడిష్ అక్షరాలైపోయేవి.

ఆ రోజుల ఆనవాలు ఒకటి ఇంకా బతికుంది. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఐఆర్‌సీ చాట్ వ్యవస్థలో, మారుపేర్లు పోల్చేటప్పుడు మీసాల బ్రాకెట్‌ని చదరపు బ్రాకెట్‌కి చిన్నక్షరంగా చూడాలనే నియమం ఉంది. పైకి చూస్తే అర్థంపర్థం లేని నియమం. కానీ ఆ గదుల్లో ఒకప్పుడు కాపురమున్న నార్డిక్ అక్షరాల్ని గుర్తుచేసుకుంటే, ఒకే అక్షరం పెద్దదీ చిన్నదీ కాబట్టి ఇద్దరూ ఒకటే. అక్షరాలు ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయాయి, చుట్టరికం మాత్రం మిగిలిపోయింది.

1987లో ఐఎస్‌ఓ 8859-1 వచ్చింది. ఎనిమిది బిట్లు, 256 గదులు, పడమటి యూరప్ భాషల కోసం. తూర్పు, మధ్య యూరప్‌కి 8859-2. తర్వాత గ్రీకుకి ఒకటి, సిరిలిక్‌కి ఒకటి, ఇలా ఒక కుటుంబం తయారైంది. మొదటి పట్టికలో ఫ్రెంచి వాళ్ళకి కావలసిన 'ఓ-ఇ' జంట అక్షరం లేదు. దాన్ని చేర్చిన 8859-15 రావడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. స్పెయిన్ నుంచి వచ్చిన హోసె 'ఇ' మీద గీత మొదటి పట్టికలో ఉంది. పోలండ్ నుంచి వచ్చిన ఊకాష్ పేరు మొదట్లో ఉండే అడ్డగీత 'ఎల్' రెండో పట్టికలో మాత్రమే ఉంది. హోసె గీత రెండో పట్టికలోనూ ఉంది కాబట్టి వీళ్ళిద్దరికీ ఎలాగో సర్దొచ్చు. వీళ్ళకి తోడు 'ఎన్' మీద అల ఉన్న మున్యోస్ గారు చేరితే ముగ్గుర్నీ ఒకే జాబితాలో సరిగ్గా రాయడానికి ఆ రెంటిలో ఏ పట్టికా చాలదు. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల మీద పనిచేసే ముగ్గురు మనుషులు ఒకే డైరెక్టరీలో పట్టరు.

అలాంటప్పుడు కంపెనీలు చేసిన పని అందరికీ తెలిసిందే. గుర్తులన్నీ పీకేసి ఉత్త ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోమన్నారు. స్పానిష్‌లో 'పేన్య' అనే ఇంటిపేరుకి కొండరాయి అని అర్థం. 'ఎన్' మీది అల తీసేస్తే 'పేన', అంటే దుఃఖం. గుమాస్తా చేతిలో ఉన్నప్పుడు వరస కోసం మాత్రమే పక్కన పెట్టిన గుర్తు, ఇప్పుడు పేరులోంచే పోయింది. దొరకడం కోసం ఉండటాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

ప్రపంచానికంతా ఒక డైరెక్టరీ

1988లో అంతర్జాతీయ టెలిఫోన్ సంస్థల సంఘం, ఐఎస్‌ఓ కలిసి ఎక్స్.500 అనే ప్రమాణం తెచ్చాయి. ప్రపంచంలోని మనుషులందర్నీ, సంస్థలన్నిటినీ ఒకే చెట్టు కొమ్మలుగా పెట్టి ఎక్కణ్ణుంచైనా వెతుక్కునేలా చెయ్యాలన్నది ఆశయం. అంత పెద్ద ఆశయానికి ఆస్కీ సరిపోదని వాళ్ళకి తెలుసు. అందుకే టెలిటెక్స్ కోసం తయారైన టి.61 అనే అక్షరసముదాయాన్ని తీసుకున్నారు. అందులో అక్సెంటుకి ఒక కోడు, అక్షరానికి ఒక కోడు. అక్సెంటు ముందు, అక్షరం వెనక. ఈ క్రమం టైపురైటర్ నుంచి వచ్చింది. అక్సెంటు మీట నొక్కితే గుర్తు పడుతుంది గానీ కాగితం కదలదు, ఆ తర్వాత అక్షరం నొక్కితే సరిగ్గా గుర్తు కిందకొచ్చి కూర్చుంటుంది. కదలని మీట కాబట్టి దాని పేరు డెడ్ కీ.

ఎక్స్.500 చాలా బరువైన ప్రమాణం. దాన్ని మామూలు కంప్యూటర్ల నుంచి అందుకోవడానికి తేలికైన దారిగా ఎల్‌డాప్ పుట్టింది. దాని మొదటి పత్రం 1993లో వచ్చింది. రాసిన ముగ్గురిలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హోవ్స్ ఒకరు. మీరు ఆఫీసులో సహోద్యోగి పేరు కొట్టగానే ఫోను నంబరు, ఈమెయిలు వస్తున్నాయంటే వెనక ఎక్కడో ఎల్‌డాప్ ఉండే అవకాశం ఎక్కువ. దాని రెండో రూపం కూడా కాగితం మీద టి.61నే వాడమంది. ఆచరణలో చాలా ప్రోగ్రాములు ఆ మాట వినలేదు, తమ దగ్గరున్న 8859-1 కోడ్లే పంపేవి. ఒకే డైరెక్టరీలో ఒకే పేరు, రాసిన ప్రోగ్రాముని బట్టి రెండు రకాల బైట్లుగా ఉండేది. ఒకటి కొడితే రెండోది దొరకదు.

1997 డిసెంబరులో వచ్చిన మూడో రూపం టి.61ని వదిలి యూటీఎఫ్-8కి మారింది. ఈ యూటీఎఫ్-8ని 1992 సెప్టెంబరులో ఒక సాయంత్రం న్యూజెర్సీలో ఒక భోజనశాలలో, పళ్ళెం కింద వేసే కాగితం మీద కెన్ థామ్సన్ రూపొందించాడు, పక్కన రాబ్ పైక్ ఉన్నాడు. ఆస్కీలో ఉన్నవేవీ చెడకుండా యూనికోడ్ అక్షరాలన్నిటినీ మోసుకెళ్ళే పద్ధతి అది. యూనికోడ్ మొదటి రూపం అంతకు ముందు ఏడాదే, 1991లో వచ్చింది. అందులో తెలుగుకీ 128 గదులు దక్కాయి. మన దేశంలో అప్పటికే ఉన్న ఇస్కీ ప్రమాణం అమరికనే దానికి ఆధారంగా తీసుకున్నారు.

ఇక హోసె, ఊకాష్, మున్యోస్, మన శ్రీనివాసరావు అందరూ ఒకే డైరెక్టరీలో వాళ్ళ వాళ్ళ లిపిలో ఉండొచ్చు. ఉండటం అనే పని తీరింది. దొరకడం అనే పని మాత్రం ఇక్కణ్ణుంచే కష్టమైంది.

ఎందుకంటే యూనికోడ్‌లో హోసె పేరు చివరి అక్షరాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. గీతతో కలిసిన 'ఇ'కి సొంత గది ఉంది. లేదా మామూలు 'ఇ' రాసి వెనకాలే విడి గీత పెట్టొచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. ఇది ఎవరి గొడవో అనుకోకండి. తెలుగు ఐత్వానికి కూడా ఇలాగే రెండు రూపాలున్నాయి: ఒకే కోడుగా రాసే ఐత్వం ఒకటి, ఎత్వమూ దాని కింద విడిగా పెట్టే ఐత్వపు గుర్తూ కలిపి రాసేది రెండోది. కాబట్టి శైలజ పేరుని రెండు రకాలుగా దాచొచ్చు, తెర మీద తేడా ఏమీ కనబడదు. రెంటినీ ఒకే రూపంలోకి తెచ్చాకే పోల్చాలన్న నియమం పేరు నార్మలైజేషన్.

2006లో ఎల్‌డాప్ కోసం ప్రత్యేకంగా ఒక పత్రం వచ్చింది, ఆరెఫ్‌సీ 4518. రెండు పేర్లు పోల్చేముందు వాటిని ఎలా సిద్ధం చెయ్యాలో అందులో వరసగా రాశారు. నార్మలైజ్ చెయ్యి. పెద్దక్షరాల, చిన్నక్షరాల తేడా తీసెయ్యి. అనవసరపు ఖాళీలు లెక్కచెయ్యకు. కంటికి కనబడని గుర్తుల్ని తీసెయ్యి. ఈ ఆఖరి మాట మనకి బాగా కావలసింది. 'రాజ్‌కుమార్' అన్నప్పుడు 'జ' కింద 'క' వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక కనబడని అక్షరం పెడతాం. కొందరు పెడతారు, కొందరు ఖాళీ వదులుతారు, కొందరు వత్తే రాస్తారు. కనబడని దాన్ని తీసేసి పోల్చకపోతే ఒక రాజ్‌కుమార్‌కి ఇంకో రాజ్‌కుమార్ తెలీకుండా పోతాడు.

ఇంత చెప్పిన ఆ పత్రం, గీత ఉన్న 'ఇ', లేని 'ఇ' ఒకటేనని మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం. ఫ్రాన్సులో ఒకటనుకోవచ్చు, స్వీడన్లో రెండు చుక్కల 'ఓ', మామూలు 'ఓ' ఒకటే అంటే వేరు వేరు ఇంటిపేర్లు కలిసిపోతాయి. చిన్నక్షరం, పెద్దక్షరం తేడా తీసెయ్యమన్నంత మాత్రాన కూడా అందరికీ ఒకే ఫలితం రాదు. టర్కిష్‌లో చుక్క ఉన్న 'ఐ' వేరు, లేని 'ఐ' వేరు. చుక్క ఉన్నదాన్ని పెద్దక్షరం చేసినా చుక్క ఉండాల్సిందే.

రామారావు రమరవు అయిన కథ

ప్రమాణం చెప్పని చోట ప్రోగ్రామర్లే నిర్ణయిస్తారు. వాళ్ళూ నిర్ణయించని చోట డీఫాల్టు నిర్ణయిస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ స్వీడన్లో పుట్టింది. అందుకని చాలా ఏళ్ళపాటు దాని డీఫాల్టు పోలిక పద్ధతి స్వీడిష్. 2018లో వచ్చిన 8.0 దాకా, ప్రత్యేకంగా మార్చుకోనివాళ్ళందరి పేర్లూ, అది హైదరాబాదు వెబ్‌సైటైనా బ్రెజిల్ వెబ్‌సైటైనా, స్వీడన్ అక్షరక్రమంలోనే వరసకట్టేవి. ఆ పద్ధతిలో రెండు చుక్కల 'యు', 'వై'తో సమానం. స్వీడన్లో దానికి కారణముంది. జర్మన్ ముల్లర్ గారిని మాత్రం అది ఎవరూ ఊహించని చోట కూర్చోబెడుతుంది.

అక్సెంట్లని పట్టించుకోకుండా వెతకడానికి ప్రోగ్రామర్లలో బాగా చలామణిలో ఉన్న ఒక చిట్కా ఉంది. పేరుని విడగొట్టు, అంటే అక్షరాన్నీ గుర్తునీ వేరు చెయ్యి. తర్వాత యూనికోడ్ 'చోటు ఆక్రమించని గుర్తులు' అని వర్గీకరించిన వాటన్నిటినీ తీసి పారెయ్యి. మిగిలిందే అసలు పేరు. రెండు లైన్ల కోడు. హోసెకి పనిచేస్తుంది, మున్యోస్‌కి పనిచేస్తుంది. ఊకాష్‌కి పనిచెయ్యదు, ఎందుకంటే అతని 'ఎల్' మీది అడ్డగీతని యూనికోడ్ విడి గుర్తుగా చూడదు, ఆ అక్షరం విడిపోదు. ఇక తెలుగు పేరు మీద ఈ కోడు నడిపితే ఏమవుతుందో చూడండి.

తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, పొల్లు వగైరాలు యూనికోడ్ వర్గీకరణలో చోటు ఆక్రమించని గుర్తులే. అక్షరం నెత్తిన కూర్చుంటాయి కాబట్టి అలా పెట్టారు. కొమ్ము పక్కకి జరిగి చోటు తీసుకుంటుంది కాబట్టి అది వేరే వర్గంలో ఉంది. కాబట్టి ఆ రెండు లైన్ల కోడులోంచి బయటికొచ్చేసరికి రామారావు 'రమరవు' అవుతాడు. లక్ష్మి 'లకషమ' అవుతుంది. సీత, సతి ఇద్దరూ 'సత' అయిపోతారు. వేణులో కొమ్ము మిగులుతుంది, ఏత్వం పోతుంది: 'వణు'. ఆ కోడు రాసినవాళ్ళకి తెలుగు మీద కోపం ఏమీ లేదు. గుర్తు అంటే అలంకారం అనే నమ్మకం ఒక్కటే ఉంది. ఆ నమ్మకం ఫ్రెంచి పేర్లకి ఏదో నడిచిపోయింది, మన గుణింతం దగ్గరికొచ్చి బోర్లాపడింది.

ఇంకో పక్క, మనం నిజంగా కలపాలనుకునేవాటిని ఆ కోడు కలపలేదు. గుఱ్ఱం జాషువా పేరుని పుస్తకాల మీదా వ్యాసాల్లోనూ శకటరేఫంతోనూ రాస్తారు, మామూలు రేఫంతో గుర్రం అనీ రాస్తారు. ఈ తరం కుర్రాళ్ళ ఫోన్లలో శకటరేఫం ఎక్కడుందో చాలామందికి తెలీదు. గుర్రం అని కొట్టినవాడికి గుఱ్ఱం దొరకాలి. యూనికోడ్‌కి అవి రెండు వేర్వేరు అక్షరాలు, నార్మలైజేషన్ వాటిని కలపదు. కలపాలని తెలుగు తెలిసినవాళ్ళెవరో చెప్పాలి. అరసున్న సంగతీ అంతే.

అమెరికా గ్రంథాలయాల్లో తెలుగు పుస్తకాలు వెతికేవాళ్ళకి ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడి కేటలాగుల్లో మన పేర్లని రోమన్ లిపిలోకి మార్చడానికి ఒక నియమావళి ఉంది. దీర్ఘాలకి పైన గీత, ట-డ-ణలకి కింద చుక్క. 'చ'కి ఒక్క 'సి', 'ఛ'కి 'సి-హెచ్'. కేటలాగు అక్సెంట్లని పట్టించుకోకుండా వెతికితే కింది చుక్కలూ పై గీతలూ ఇబ్బంది పెట్టవు. కానీ చలం కోసం మనం అలవాటుగా 'సి-హెచ్'తో మొదలెడతాం, నియమం ప్రకారం ఆయన ఉత్త 'సి' దగ్గర ఉంటాడు. అక్సెంట్లన్నీ తీసేసినా ఆ 'హెచ్' పుట్టుకురాదు.

కోర్టు మెట్ల మీద

ఇదంతా సెర్చ్ పెట్టెలోని ఇబ్బందేలే అనుకోవచ్చు. యూరప్‌లో ఇది కోర్టుల దాకా వెళ్ళింది.

జర్మనీలో స్థిరపడి మసాజ్ వృత్తి చేసుకునే ఒక గ్రీకు దేశస్థుడు వివాహ రిజిస్టరులో తన పేరు తప్పుగా పడిందని, తన పాస్‌పోర్టులో ఉన్నట్టు దిద్దమని అడిగాడు. అధికారులు గ్రీకు లిపి మార్పిడికి ఉన్న ఐఎస్‌ఓ ప్రమాణం తీసి, దాని ప్రకారం ఇంకో రూపం ఖాయం చేశారు. క్రిస్టోస్ అనే పేరు 'హ్రేస్తోస్' అయింది, అక్షరాల మీద అతనెప్పుడూ పెట్టుకోని గీతలు వచ్చాయి. ఇక్కడ చిత్రమేమిటంటే గుర్తులు తీసెయ్యడం వల్ల కాదు, తగిలించడం వల్ల పేరు పాడైంది. 1993లో యూరోపియన్ న్యాయస్థానం అతని వైపు మొగ్గింది. పలుకు మారిపోయేలా పేరు రాస్తే, వెతుక్కుంటూ వచ్చే గిరాకీలు అతన్ని ఇంకెవరో అనుకునే ప్రమాదముందని, అది అతని వృత్తి హక్కుకి అడ్డమని చెప్పింది. డైరెక్టరీ భాషలో చెప్పాలంటే, అతను దొరక్కుండా పోతాడు.

2011లో ఇంకో కేసు. లిథువేనియాలో పెళ్ళి చేసుకున్న ఒక జంట. భర్త పోలండ్ పౌరుడు. వివాహ పత్రంలో అతని పేర్లలోని 'ఎల్' మీది అడ్డగీతలు పోయాయి, పెట్టమన్నారు. అదే యూరోపియన్ న్యాయస్థానం ఈసారి ఆ కోరికని మన్నించలేదు. ఇలాంటి గుర్తుల్ని రోజువారీ వ్యవహారాల్లో కంప్యూటర్ వ్యవస్థల పరిమితుల వంటి సాంకేతిక కారణాల వల్ల చాలాసార్లు వదిలేస్తూనే ఉంటారు కదా అన్నది తీర్పులో చెప్పిన కారణాల్లో ఒకటి. 2022లో లిథువేనియా పత్రాల్లో కొన్ని పరాయి అక్షరాల్ని అనుమతించింది. 'క్యూ', 'డబ్ల్యూ', 'ఎక్స్' లోపలికి రావచ్చు. గుర్తులున్న పరాయి అక్షరాలకి మాత్రం ప్రవేశం దొరకలేదు.

నాకు ఈ తీర్పు చదివినప్పుడల్లా కలుక్కుమంటుంది. 1963లో గదులు చాలక వదిలేసినవి, 1987లో పట్టికలు సరిపోక వదిలేసినవి, యంత్రాల్లో చోటు దొరికిన పద్నాలుగేళ్ళ తర్వాత కూడా లేనట్టే లెక్క. ఒకప్పటి సాఫ్ట్‌వేర్ ఇబ్బంది అలవాటైంది, అలవాటు కోర్టులో వాదనైంది. ఏ ఇంజనీరూ తను ఆ వేళకి సర్దుకున్న సర్దుబాటు ఒకరి పెళ్ళి కాగితంలో కారణంగా నిలబడుతుందని అనుకుని ఉండడు.

ఎనిమిదేళ్ళకి గాలి తిరిగింది. బెల్జియంలో ఒక ఖాతాదారు బ్యాంకుని తన పేరు మీది అక్సెంటు సరిగ్గా రాయమన్నారు. మా కంప్యూటర్ వ్యవస్థ 1995 నాటిది, అందులో అవి పట్టవు, మార్చాలంటే నెలల పని, చాలా ఖర్చు అని బ్యాంకు వాదన. 2019 అక్టోబరులో బ్రసెల్స్ అప్పీలు కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. తన గురించిన సమాచారం సరిగ్గా ఉండాలని కోరే హక్కు యూరప్ డేటా రక్షణ చట్టం పౌరుడికి ఇచ్చింది, పేరు ఆ సమాచారమే. యంత్రం పాతదైతే ఆ భారం యంత్రం యజమానిది.

చూ.

ఇంతకీ పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. గ్రంథాలయాల కార్డు పెట్టెల్లో అది ఎప్పట్నుంచో ఉంది. ఒక రచయితకి ఒక ప్రధాన కార్డు, మిగతా రూపాలన్నిటికీ ఒక్కో చిన్న కార్డు: ఫలానా పేరు చూడుము అని. మన నిఘంటువుల్లో 'చూ.' అని ఒక చిన్న మాట ఉంటుందే, అదే. ఈ పద్ధతిలో ఏ పేరునీ నలగ్గొట్టక్కర్లేదు. ఒక మనిషికి పేరు రాసే తీర్లు ఎన్నున్నాయో అన్నీ నమోదు చేసుకుంటే చాలు. కేటలాగు కంప్యూటర్లోకి ఎక్కినా గ్రంథాలయాలు ఆ అలవాటు మానలేదు. చలం ఉత్త 'సి' దగ్గరున్నా 'సి-హెచ్' దగ్గర చూడుము కార్డు ఉంటే దొరుకుతాడు.

మంచి డైరెక్టరీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చేసే పని కూడా దాదాపు ఇదే. పేరుని మనిషి ఇచ్చినట్టు ఒక గడిలో ఉంచుతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. వెతకడానికి మాత్రం పక్కన ఇంకో గడిలో తయారుచేసిన రూపాలు పెట్టుకుంటుంది: జర్మన్ పేరుకి 'ఇ' చేర్చినదీ చేర్చనిదీ, పోలిష్ పేరుకి అడ్డగీత లేనిది, తెలుగు పేరుకి శకటరేఫం బదులు మామూలు రేఫం ఉన్నది. వరస పెట్టేటప్పుడు చూసేవాళ్ళ భాష అడుగుతుంది. తయారుచేసిన రూపం ఎప్పుడూ తెర మీదకి రాదు, ఉత్తరం మీదకి రాదు, గుర్తింపు కార్డు మీదకి అసలే రాదు. కార్డు ఇచ్చేది పేరుకి, సెర్చ్ కోసం చేసుకున్న దాని నకలుకి కాదు.

కష్టం కోడులో లేదు. ఒక్కో భాషకి ఏవి కలపాలో, ఏవి కలపకూడదో చెప్పేవాళ్ళు కావాలి. స్వీడన్ వాళ్ళు చెప్పుకున్నారు కాబట్టే చాలా ఏళ్ళు ప్రపంచమంతా వాళ్ళ వరసలో నడిచింది. తెలుగుకి ఆ జాబితా చిన్నదేం కాదు: ర-ఱ, అరసున్న, 'సుందరం'లో సున్నా, 'సున్దరం'లో నకారపొల్లు, పొల్లు తర్వాతి కనబడని అక్షరం, ఐత్వపు రెండు రూపాలు. ఏది ఎక్కడ కలుపుకోవచ్చో తేల్చాల్సింది మనం. తెలుగు పాఠకులూ సంపాదకులూ నిఘంటుకర్తలూ చెప్పకపోతే, ఆ రెండు లైన్ల చిట్కా తెలిసిన ఎవరో చెప్పేస్తారు.

మీ ఆఫీసులోనో మీకిష్టమైన పుస్తకాల సైటులోనో తెలుగు పేర్ల జాబితా ఉంటే ఒకసారి గుర్రం అని కొట్టి చూడండి. గుఱ్ఱం జాషువా వస్తే, శకటరేఫంతోనే వస్తే, ఆ సాఫ్ట్‌వేర్ వెనక తెలుగు తెలిసిన గుమాస్తా ఒకరు ఉన్నట్టు.